నొప్పి లేని గడ్డ

మన ఇళ్లలో జబ్బుకు ఒక కొలత ఉంది. అది నొప్పి. తల నొప్పిగా ఉంటే అమృతాంజనం రాసుకుంటారు. కడుపులో నొప్పి వస్తే వాము నములుతారు. నొప్పి భరించరానిదైతే డాక్టరు వద్దకు వెళతారు. నొప్పి లేనిది జబ్బే కాదన్నది తరతరాలుగా మన ఇల్లాళ్లు నమ్ముతూ వచ్చిన సూత్రం. ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి ఆఖరున తాను తినే స్త్రీకి ఈ సూత్రం మరీ అనుకూలమైనది. తన ఒంటి సంగతి చూసుకోవలసిన పనిని అది హాయిగా రేపటికి వాయిదా వేస్తుంది.

రొమ్ము కాన్సర్ ఈ సూత్రాన్ని తలకిందులు చేసే వ్యాధి. తొలి దశలో అది సాధారణంగా నొప్పి పెట్టదు. స్నానం చేసేటప్పుడు చేతికి తగిలిన చిన్న గడ్డ, శనగగింజంతదో రేగుపండంతదో, నెలల తరబడి ఏ బాధా కలిగించకుండా అలాగే ఉండిపోవచ్చు. నొప్పి మొదలై, చర్మం పుండుపడే నాటికి వ్యాధి చంకలోని గ్రంథులను దాటి ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో చేరి ఉండే ప్రమాదం ఉంది. పూర్వం మనవారు కాన్సర్‌ను రాచపుండు అన్నారు. పుండుగా మారిన తరువాతనే అది జనం కంటపడేదని ఆ పేరే చెబుతున్నది.

అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో ప్రపంచంలో సుమారు 23 లక్షల మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా బయటపడింది. సుమారు 6,70,000 మంది మరణించారు. అదే ఏడాది భారతదేశంలో కొత్తగా బయటపడినవి సుమారు 1,92,000, మరణాలు సుమారు 98,000. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రపంచం మొత్తం మీద పది కొత్త కేసులకు మూడు మరణాలు లెక్కకు వస్తుండగా, మన దేశంలో అయిదు వస్తున్నాయి. మన స్త్రీల శరీరతత్వం వేరు కావడం ఇందుకు ప్రధాన కారణం కాదు. వ్యాధి ఆలస్యంగా బయటపడడం, బయటపడిన తరువాత చికిత్స సకాలంలో పూర్తికాకపోవడం అసలు కారణాలు.

పుట్టి పెరిగిన ఊరిలో, అమ్మా అక్కచెల్లెళ్లూ అందుబాటులో ఉన్న స్త్రీకే ఈ ఆలస్యం తప్పడం లేదు. మరి భాష వేరు, మనుషులు వేరు అయిన చోట కాపురముంటున్న స్త్రీ సంగతి ఏమిటి?

పారిస్‌లో ఒక పరదేశి

ఈ ప్రశ్న ఈనాటిది కాదు. ఇంగ్లీషు నవలా రచయిత్రి ఫానీ బర్నీ ఒక ఫ్రెంచి సేనాధికారిని వివాహమాడి, 1802లో భర్త దేశానికి వెళ్లింది. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య యుద్ధం ముదరడంతో పదేళ్లపాటు అక్కడే చిక్కుకుపోయింది. 1810 ఆగస్టులో ఆమెకు రొమ్ములో చిన్న బాధ మొదలైంది. శస్త్రవైద్యునికి చూపించుకోమని భర్త ఎంత బతిమాలినా ఆమె మొదట ఒప్పుకోలేదు. దాని పాటికి అదే తగ్గుతుందనుకుంది. స్నేహితురాళ్లు నచ్చజెప్పగా చివరకు వైద్యులను రానిచ్చింది. 1811 సెప్టెంబరు 30వ తేదీన, మత్తుమందు అన్నది ఇంకా వాడుకలోకి రాని ఆ రోజులలో, నెపోలియన్ సేనలకు వైద్యుడైన లారీ ఆమె రొమ్మును తొలగించాడు. ఆ అనుభవాన్ని మరుసటి సంవత్సరం ఇంగ్లండులోని తన అక్క ఎస్తర్‌కు సుదీర్ఘమైన ఉత్తరంగా రాసింది. ఆ శస్త్రచికిత్స తరువాత ఆమె మరి 28 సంవత్సరాలు జీవించి 1840లో కన్నుమూసింది. అది నిజంగా కాన్సరేనా అన్న సందేహం నేటి వైద్యులలో కొందరికి లేకపోలేదు. కాని ఆ ఉత్తరం చెప్పే విషయం ఒకటి సందేహానికి అతీతమైనది. చదువు, భాష, పలుకుబడి అన్నీ ఉన్న స్త్రీ కూడా పరాయి దేశంలో పరాయి పురుషునికి తన రొమ్ము చూపించుకోవడానికి ఏడాది కాలం వెనుకాడింది. ఆ కథంతా ఆమె మనసు విప్పి చెప్పుకున్నది సముద్రానికి ఆవల ఉన్న తోబుట్టువుతో.

కొరియా నుంచి అమెరికాకు

ఇటీవలి దశాబ్దాలలో ఈ విషయాన్ని లోతుగా పరిశీలించినది అమెరికాలోని కొరియన్ స్త్రీల విషయంలో. 1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత వేలాది కొరియన్ కుటుంబాలు లాస్ ఏంజెలస్, షికాగో, న్యూయార్కు వంటి నగరాలకు తరలివెళ్లాయి. చాలామంది చిన్న చిన్న దుకాణాలు పెట్టుకుని, తెల్లవారినప్పటి నుంచి రాత్రి దాకా భార్యాభర్తలిద్దరూ కష్టపడ్డారు. దక్షిణ కొరియాలో ప్రభుత్వం 2002 నుంచి 40 ఏళ్లు దాటిన స్త్రీలకు రెండేళ్లకొకసారి రొమ్ము ఎక్స్‌రే, అంటే మామోగ్రామ్, తీయించే కార్యక్రమాన్ని అమలుచేస్తున్నది. అమెరికాలో అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచీ ఆ సౌకర్యం ఉంది. అయినప్పటికీ అక్కడి సర్వేలు పదేపదే కనుగొన్నది ఒకటే: కొరియా నుంచి వలస వచ్చిన స్త్రీలలో ఈ పరీక్ష చేయించుకునేవారు ఇతర వర్గాలవారి కంటే తక్కువ.

కారణాలు మనకు కొత్తవి కావు. ఆరోగ్య బీమా లేకపోవడం, దుకాణం మూసి వెళ్లే తీరిక లేకపోవడం, డాక్టరుతో మాట్లాడేందుకు ఇంగ్లీషు చాలకపోవడం, సిగ్గు, అన్నింటికీ మించి బాధ లేనప్పుడు డాక్టరుతో పనేమిటన్న నమ్మకం. దీనికి తోడు మరొక చిక్కు ఉంది. చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ దేశాల మూలాలున్న అమెరికా స్త్రీలపై జరిగి 1993లో వెలువడిన ఒక పరిశోధన, పాశ్చాత్య జీవన విధానంలో గడిపిన కాలం పెరిగిన కొద్దీ రొమ్ము కాన్సర్ ముప్పు పెరుగుతున్నదని తేల్చింది. వలస స్త్రీకి ముప్పు పెరుగుతూ ఉంటుంది, పరీక్ష మాత్రం దూరమవుతూ ఉంటుంది.

సముద్రాలు దాటనవసరం లేకుండా, ఒక రైలుమార్గం పొడుగునా ఇదే పరిస్థితి మనవారికీ ఎదురు కాగలదు.

కర్గీ రోడ్ స్టేషన్‌లో దిగితే

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్లే రైలుమార్గంలో కోటా అనే చిన్న పట్టణం ఉంది. రాజస్థాన్‌లోని పేరుమోసిన కోటా కాదు ఇది. ఇక్కడ దిగదలచినవారు టిక్కెట్టు తీసుకోవలసింది కర్గీ రోడ్ స్టేషన్‌కు. పట్టణం దాటి కొంతదూరం వెళితే అచానక్‌మార్ అడవులు మొదలవుతాయి. ఒకవైపు రైల్వే నగరం, మరొకవైపు గోండు, బైగా గిరిజనుల పల్లెలు.

ఈ ప్రాంతానికి తెలుగువారిని తెచ్చినది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, బిలాస్‌పూర్‌ను పెద్ద జంక్షన్‌గా తీర్చిదిద్దింది. ఆ కంపెనీ మార్గాలు అటు కలకత్తాను, ఇటు వాల్తేరును కలిపాయి. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తయ్యేసరికి ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ పొరుగూరయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి గాంగ్‌మన్‌లుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చినవారు రైల్వే క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. వారి పిల్లలు, మనుమలు ఇక్కడే పుట్టి పెరిగారు. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. ఈనాటికీ కోర్బా నుంచి బిలాస్‌పూర్, రాయ్‌పూర్, రాయగడ, పార్వతీపురం, విజయనగరాల మీదుగా విశాఖపట్నానికి నడిచే రైలు, ఈ కుటుంబాలకు పుట్టింటి దారి.

ఇటువంటి కుటుంబంలోకి కోడలుగా వచ్చిన ఒక ఇల్లాలి స్థితిని ఆలోచించి చూడవచ్చు. బజారులో బేరమాడటానికి ఆమెకు హిందీ వస్తుంది. ఇరుగుపొరుగుతో ముచ్చటించటానికి ఛత్తీస్‌గఢీ కొంత పట్టుబడింది. పిల్లలు హిందీలో చదువుకుంటారు. తెలుగు ఇంటి నాలుగు గోడల మధ్య మిగిలింది. మూడు భాషల మధ్య నెగ్గుకువచ్చిన ఆ ఇల్లాలిని భాష రాని మనిషి అని ఎవరూ అనరు. కాని రొమ్ములో గడ్డ కనిపించిందని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ మూడు భాషలూ అక్కరకు రావు. ఉప్పు, పప్పు, చీటీ, కిరాయి వంటి మాటలు బజారు నేర్పుతుంది. సిగ్గుపడి చెప్పుకోవలసిన మాటలు ఎవరూ నేర్పరు. అవి అమ్మతోనో, అక్కతోనో, వదినతోనో చెప్పుకునేవి. వారు రైలులో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఉన్నారు.

డాక్టరు వద్ద దుబాసీగా ఎవరిని తీసుకువెళ్లాలి? హిందీ బాగా వచ్చినవాడు ఇంట్లో పదేళ్ల కొడుకు. వాని ముందు ఆ మాట అనగలదా? భర్తకు డ్యూటీ. అత్తగారికి చెబితే నలుగురికీ తెలుస్తుంది. పండుగకు పుట్టింటికి వెళ్లినప్పుడు చూపించుకోవచ్చునని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంటుంది. సంక్రాంతి ఆరు నెలల దూరంలో ఉంది. గడ్డకు పండుగలతో పనిలేదు.

రైల్వే ఉద్యోగి కుటుంబానికి రైల్వే ఆస్పత్రి ఉన్నదన్న మాట నిజమే. కాని ఆస్పత్రి ఉండడం ఒకటి, అక్కడికి వెళ్లి నోరు విప్పడం మరొకటి. కాంట్రాక్టు పనులకు వచ్చిన కుటుంబాలకైతే ఆ ఆసరా కూడా ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆ రాష్ట్రంలో కార్డున్న వారికోసం ఉద్దేశించినవి. ఏళ్ల క్రితమే ఊరు విడిచినవారి పేర్లు ఆ జాబితాలలో ఉంటాయన్న భరోసా లేదు.

యంత్రం కంటే ముందు చేయి

రొమ్ము కాన్సర్ పరీక్ష అనగానే ఖరీదైన యంత్రం గుర్తుకు వస్తుంది. మామోగ్రామ్ వల్ల వయసు మళ్లిన స్త్రీలలో మరణాలు తగ్గుతాయని పాశ్చాత్య దేశాల అనుభవం. అయితే మన దేశంలో ఈ వ్యాధి సగటున పదేళ్లు ముందుగానే, నలభైలలోనూ యాభైలలోనూ కనిపిస్తున్నది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండటం వల్ల ఎక్స్‌రేలో గడ్డ స్పష్టంగా కనిపించకపోవచ్చు. పైగా దేశంలోని పల్లె పల్లెకూ యంత్రాన్నీ, దాని బొమ్మను చదవగల నిపుణుణ్ణీ పంపడం అయ్యేపని కాదు.

అందువల్లనే ముంబైలోని టాటా స్మారక ఆస్పత్రి వైద్యులు 1998లో మరొక మార్గాన్ని పరీక్షించారు. 35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసు గల 1,51,538 మంది స్త్రీలను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గం వారి రొమ్ములను శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో తడిమి పరీక్షించారు. రెండవ వర్గానికి వ్యాధిని గురించిన అవగాహన మాత్రం కల్పించారు. ఇరవై సంవత్సరాల తరువాత, 2021లో ఫలితాలు ప్రకటించారు. పరీక్ష పొందినవారిలో వ్యాధి ముదిరిన దశలో బయటపడినవారు నూటికి 37 మంది. పొందనివారిలో 47 మంది. 50 ఏళ్లు, ఆపైన వయసున్న స్త్రీలలో రొమ్ము కాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 ఏళ్ల లోపువారిలో మరణాలు తగ్గినట్లు రుజువు కాలేదు. ఈ పరిమితిని దాచిపెట్టడం తగదు. అయినా పెద్ద చదువులు, పెద్ద యంత్రాలు లేని ఆరోగ్య కార్యకర్త చేయి ప్రాణాలు నిలపగలదని ఒక పేద దేశం తన సొంత అనుభవంతో నిరూపించుకోవడం చిన్న సంగతి కాదు.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. తన రొమ్మును తానే ప్రతినెలా క్రమం తప్పక పరీక్షించుకునే పద్ధతిని చైనాలోని షాంఘైలో 2,66,000 మందికి పైగా మిల్లు కార్మిక స్త్రీలకు నేర్పి పదేళ్లకు పైగా గమనించారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం దానివల్ల మరణాలు తగ్గలేదు. అనవసరమైన ముక్క పరీక్షలు మాత్రం పెరిగాయి. అందుచేత నేటి వైద్యులు నెలనెలా తంతులాగా తడుముకోమని పట్టుబట్టరు. తన శరీరం మామూలుగా ఎలా ఉంటుందో ఎరిగి ఉండి, తేడా కనిపించిన వెంటనే చెప్పమంటారు. కొత్తగా కనిపించిన గట్టి గడ్డ, చంకలో బిళ్ల, చర్మంపై సొట్ట, కమలాపండు తొక్కవలె గరుకుదనం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం చిమ్మడం, వీటిలో ఏది కనిపించినా నెలసరి తప్పిన లెక్కలా దాచుకోవలసినది కాదు. ఇటువంటి గడ్డలలో ఎక్కువ భాగం కాన్సర్ కానే కావు. భయపడి చూపించుకోని స్త్రీకి ఆ శుభవార్త వినే అవకాశం కూడా ఉండదు.

భారత ప్రభుత్వం 2016లో రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలందరికీ అయిదేళ్లకొకసారి ఆరోగ్య సిబ్బంది రొమ్ము పరీక్ష చేయాలి. కాగితంపై ఇది మంచి నిర్ణయమే. కాని 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరని తేలింది. వలస కుటుంబాల మాట అటుంచి, దేశమంతటా పరిస్థితి ఇదే.

స్నేహితురాలనే పేరు

కోటా ప్రాంతంలో ఆశకు చోటు లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002లో ప్రతి పాడకూ ఒక మహిళా ఆరోగ్య కార్యకర్తను ఎంపిక చేసే పథకాన్ని ప్రారంభించింది. ఆమెను మితానిన్ అంటారు. ఆ మాటకు ఛత్తీస్‌గఢీలో నేస్తురాలు అని అర్థం. అక్కడి ఆచారం ప్రకారం ఇద్దరు స్త్రీలు ప్రమాణపూర్వకంగా కట్టుకునే స్నేహబంధం పేరు అది. దేశమంతటా 2005లో ఆశా కార్యకర్తలు వచ్చేందుకు ఈ అనుభవం ఒక ఆదర్శమయింది. ఆరోగ్య కార్యకర్తకు డాక్టరమ్మ అనో నర్సమ్మ అనో కాక నేస్తం అని పేరు పెట్టడంలో గొప్ప వివేకం ఉంది. గడ్డ సంగతి స్త్రీ మొట్టమొదట చెప్పుకునేది నేస్తానికే.

ఇదే ప్రాంతంలో, బిలాస్‌పూర్‌కు దగ్గరలోని గనియారి గ్రామంలో, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో చదివిన కొందరు యువ వైద్యులు 1990ల చివరిభాగంలో జన స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ ఆధ్వర్యంలో వైద్యసేవలు మొదలుపెట్టారు. కోటా, లోర్మీ బ్లాకుల అటవీ గ్రామాలలో, పెద్దగా చదువుకోని స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా నిలబెట్టారు. పేదవాడి జబ్బు ఆస్పత్రి గుమ్మం తొక్కేలోగా ఎన్ని మజిలీలు దాటి వస్తుందో, ఒక్కొక్క మజిలీలో ఎంత ముదురుతుందో ఆ సంస్థ వైద్యులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు.

కాని నమ్మకం అన్నది ఒకసారి చెదిరితే తిరిగి కుదరడం కష్టం. 2014 నవంబరులో బిలాస్‌పూర్ సమీపంలో జరిగిన ఒక కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకే రోజున 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాతి రోజులలో వారిలో పదిమందికి పైగా మరణించారు. ఆ వార్త దేశాన్ని కుదిపింది. శిబిరం అన్న మాట వినగానే ఆ జిల్లా స్త్రీ వెనుకడుగు వేస్తే అది ఆమె అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. లెక్కలు పూర్తిచేయడానికి హడావిడిగా నడిపే శిబిరం కంటే, ఊరిలో ఉండి మరునాడు కూడా కనిపించే మనిషి చేసే పరీక్షకే విలువ ఎక్కువ.

తెలుగు నేలపై జరిగిన ఒక ప్రయత్నం ఇందుకు ఉదాహరణ. హైదరాబాదులో రొమ్ము శస్త్రవైద్య నిపుణుడు పి. రఘురామ్, ఈ వ్యాధి నుంచి కోలుకున్న తన తల్లి ఉషాలక్ష్మి పేరిట 2007లో ఒక ఫౌండేషన్ నెలకొల్పారు. ఆ సంస్థ 2012 నుంచి 2016 వరకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని 15 జిల్లాలలో, సుమారు 4,000 గ్రామాలలో, 35 నుంచి 65 ఏళ్ల వయసు గల సుమారు 2,00,000 మంది స్త్రీలకు చేతి పరీక్ష చేయించింది. పరీక్ష చేసినవారు శిక్షణ పొందిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలే. అమ్మభాషలో, తెలిసిన మనిషి, తలుపు వేసిన గదిలో చేసిన పరీక్ష అది. ఇదే పరీక్ష సరిహద్దు దాటి ఉన్న తెలుగు స్త్రీకి ఎందుకు అందదన్నది అడగవలసిన ప్రశ్న.

పరీక్ష తరువాత

గడ్డను కనుగొని ఊరుకుంటే ప్రయోజనం లేదు. కనుగొన్న గడ్డ ఏమిటో తేల్చడానికి మూడు మెట్లున్నాయి: వైద్యుని చేతి పరీక్ష, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండు, సూదితో ముక్క తీసి పరీక్షించడం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలకు మూడు లక్ష్యాలు నిర్దేశించింది. నూటికి 60 మందికి పైగా రోగులలో వ్యాధి మొదటి రెండు దశలలోనే బయటపడాలి. స్త్రీ వైద్యుని వద్దకు వచ్చిన 60 రోజులలోపు వ్యాధి నిర్ధారణ పూర్తికావాలి. నూటికి 80 మంది చికిత్స పూర్తిగా పొందాలి. ఇందులో మొదటి లక్ష్యం స్త్రీ ఎంత త్వరగా నోరు విప్పుతుందన్న దానిపైన, రెండవది వ్యవస్థ ఎంత త్వరగా కదులుతుందన్న దానిపైన, మూడవది కుటుంబం ఎంతకాలం వెంట నిలుస్తుందన్న దానిపైన ఆధారపడి ఉంటాయి.

రొమ్ము తీసివేస్తారన్న భయం చాలామంది నోళ్లు మూయిస్తుంది. ఒకప్పుడు ఆ భయంలో నిజముండేది. 19వ శతాబ్దం చివర నుంచి దశాబ్దాలపాటు, గడ్డ ఎంతదైనా రొమ్మునూ దాని కింది కండరాలనూ కలిపి తొలగించడమే వైద్యం. అమెరికన్ శస్త్రవైద్యుడు బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వాన జరిగిన పరిశోధన 1985లో దీనిని మార్చివేసింది. చిన్న గడ్డ అయితే దానిని మాత్రమే తొలగించి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తొలగించినా, రోగి ఆయుష్షులో తేడా లేదని తేలింది. అంటే త్వరగా చూపించుకున్న స్త్రీకి ప్రాణంతో పాటు రొమ్ము కూడా దక్కే అవకాశం ఉంది. ఈ మాట తెలిస్తే ఎందరి భయమో సగానికి తగ్గుతుంది.

చికిత్సకు ఎక్కడికి వెళ్లాలన్నది కుటుంబం నిర్ణయించుకోవలసిన విషయం. రాయ్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రాంతీయ కాన్సర్ కేంద్రం ఉంది. పుట్టింటి వైపు వెళ్లదలచినవారికి విశాఖపట్నంలో టాటా స్మారక కేంద్రం నడిపే హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి ఉంది. కాని మందుల వాడకం, రేడియేషన్ నెలల తరబడి సాగే వ్యవహారాలు. సగంలో ఆపిన చికిత్స, ఆలస్యంగా మొదలుపెట్టిన చికిత్స అంత ప్రమాదకరం. ఎక్కడ ఎవరి ఇంట్లో ఉండాలి, పిల్లల బడి ఎట్లా, సెలవు ఎన్నాళ్లు అన్న ప్రశ్నలకు ముందే సమాధానం చెప్పుకోవాలి.

ఇంటాయన పాత్ర

కొరియన్ స్త్రీల సంగతిని మళ్లీ తలచుకోవలసింది ఇక్కడే. షికాగో ప్రాంతంలోని కొందరు పరిశోధకులు కొరియన్ కుటుంబాల కోసం ఒక కార్యక్రమాన్ని రూపొందించారు. ఆ పేరులోని అక్షరాలను కలిపితే కొరియన్లు రోజూ తినే పచ్చడి కిమ్చీ పేరు వచ్చేటట్లు కూర్చారు. చర్చీల ద్వారా కుటుంబాలను కలుసుకున్నారు. కొరియన్ భాషలో తయారుచేసిన చిత్రాన్ని భార్యకు ఒక్కదానికే కాక భార్యాభర్తలిద్దరికీ చూపించి, ఆ తరువాత దానిని గురించి ఇద్దరినీ మాట్లాడుకోమన్నారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, 15 నెలల తరువాత చూస్తే ఆ కుటుంబాల స్త్రీలలో మామోగ్రామ్ తీయించుకున్నవారు గణనీయంగా పెరిగారు. భార్య ఆరోగ్యం ఆమె సొంత విషయమని దూరంగా ఉండిపోయే భర్తలను లోపలికి పిలిచి కూర్చోబెట్టడమే ఆ కార్యక్రమం చేసిన పని.

బిలాస్‌పూర్ చుట్టుపక్కల రైల్వే పట్టణాలలో ఇది అసాధ్యం కాదు. అక్కడ చర్చీ చేసిన పనిని ఇక్కడ ఉగాది సభ చేయగలదు, దసరా పూజ చేయగలదు, కాలనీలోని ఆడవారు శ్రావణ శుక్రవారం నాడు పంచుకునే పసుపు కుంకుమలు చేయగలవు. తెలుగు వచ్చిన ఒక నర్సు, హిందీ తెలుగులు రెండూ వచ్చిన ఒక పెద్ద ముత్తైదువ, పక్క వీధిలోని మితానిన్, ఈ ముగ్గురూ ఒకచోట కూర్చుంటే చాలు. గడ్డ కనిపిస్తే ఎవరి వద్దకు వెళ్లాలి, ఎవరు తోడు వస్తారు, అక్కడ ఏమి అడుగుతారు అన్న మూడు విషయాలు తెలుగులో చెప్పే మనిషి ఉంటే, సంక్రాంతి దాకా ఆగవలసిన అవసరం రాదు.

ఇందుకు పెద్ద భవనాలు, పెద్ద మొత్తాలు అక్కరలేదు. పండుగకు ఫోను చేసినప్పుడు అమ్మ కూతురిని, అక్క చెల్లెలిని తిన్నావా అని అడగడం మన అలవాటు. ముప్పై ఏళ్లు దాటిన ఆడకూతురు దూరాన ఉంటే, ఆ ప్రశ్నతో పాటు మరొకటి కూడా అడగవచ్చు: అక్కడ రొమ్ము పరీక్ష చేయించుకున్నావా, చేయించుకోకపోతే ఎవరు తోడు వస్తారు? దూరాన ఉన్న ఆమె ఎన్నాళ్లుగానో చెప్పలేక దాచుకున్న మాట ఏదైనా ఉంటే, అది బయటికి రావడానికి ఆ ఒక్క ప్రశ్న చాలవచ్చు.